జూలై పేజీకి మన ఊరి మంచు

మంచు పడ్డ రోజు పొద్దున నా వయసెంతని అడిగితే తొమ్మిదేళ్లని చెప్పాలి. మిగతా రోజుల్లో నలభై దాటినదాన్నే. కిటికీ తెర తీయగానే పెరడు తెల్లగా కనిపించిందా, ఇక పొయ్యి మీద పాలు పెట్టానో లేదో, కాళ్లకి చెప్పులున్నాయో లేదో నాకు తెలిసేది కాదు. "వచ్చింది సామీ! వచ్చింది!" అని అరిచేదాన్ని. మా ఆయన రెండు దుప్పట్ల కింద నుంచి "ఎవరొచ్చినారే ఇంత పొద్దున్నే?" అనేవాడు. ప్రతి చలికాలం ఇదే అరుపు, ఇదే ప్రశ్న.

ఫోటోగ్రాఫర్‌గా చాలా ఏళ్లు పనిచేసి ఈమధ్యే మానేశాను. ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు నా దగ్గరికి వస్తే ముందు కెమెరా పేరడుగుతారు, తర్వాత లెన్స్ ధర అడుగుతారు. ఆ రెండూ షాపువాడు నాకన్నా బాగా చెప్తాడు. నేను చెప్పగలిగింది ఒకటే, ఈ పని నన్నెలా ఏడిపించిందో, ఎలా గంతులు వేయించిందో. బిరుదులు, సర్టిఫికెట్ల ఊసు ఇందులో లేదు. ఉన్నా అవి ఏ అట్టపెట్టెలో ఉన్నాయో నాకు గుర్తులేదు.

న్యూజిలాండ్ అంటే మనవాళ్లకి ఆక్లాండే. మేము మాత్రం సౌత్ ఐలాండ్‌లో, టిమారు నుంచి కొండల వైపు అరగంట కారులో వెళ్తే వచ్చే చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయనకి అక్కడి పాల ఫ్యాక్టరీలో కంప్యూటర్ల ఉద్యోగం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. ఆక్లాండ్‌లోనే మనురేవాలో ఉన్న మా చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, ఆడ మనోళ్లు ఎంతమంది ఉండారు?" అని అడిగింది.

"మేమిద్దరం."

"అంతేనా?"

"గొర్రెలు శానా ఉండాయిలే. పలకరిస్తే పలుకుతాయి."

ఊళ్లో ఒకే ఒక్క ఫోటో షాపు ఉండేది. యజమాని పేరు బ్రూస్. పొడుగాటి మనిషి, మాట పొదుపు, మెచ్చుకోలు ఇంకా పొదుపు. మా నాన్నకి అనంతపురం జిల్లాలో స్టూడియో ఉండేదని, పరికిణీలు కట్టే వయసు నుంచీ చీకటిగదిలో పనిచేశానని చెప్తే, కౌంటర్ దగ్గర పాస్‌పోర్ట్ ఫోటోలు తీసే పని ఇచ్చాడు. ఏటా ఆ షాపు ఒక క్యాలెండర్ వేసేది. చుట్టుపక్కల ప్రతి రైతు వంటింట్లో అదే వేలాడేది. పన్నెండు నెలలకి పన్నెండు ఫోటోలు, అన్నీ ఆ చుట్టుపక్కలవే. ఒక్క జూలై పేజీ మాత్రం ప్రతిసారీ ఎక్కడిదో పర్వతం. ఎందుకంటే జూలై అక్కడ నడి చలికాలం, జనానికి మంచు కావాలి. మా ఊరి పల్లపు పొలాల మీద మంచు ఏడాదికి ఒకసారో రెండుసార్లో పడుతుంది, పదిగంటలకల్లా కరిగిపోతుంది.

"నేను తీస్తాను, మన ఊరి మంచు," అన్నాను.

బ్రూస్ నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఇంతకుముందు మంచు చూశావా?"

"ఫ్రిజ్‌లో చూశాను."

ఆయన నవ్వలేదు గానీ తీయమన్నాడు. ఒక్కటే షరతు. మంచు ముట్టుకోనట్టు ఉండాలి. మనిషి అడుగు గానీ, చక్రం గుర్తు గానీ, ఆఖరికి కుందేలు అడుగు గానీ పడకూడదు.

ఖద్దరు పాఠం

మొదటి చలికాలం మంచు పడ్డ పొద్దున నేను కెమెరా పట్టుకుని వీధుల్లో పిచ్చిదానిలా పరుగెత్తాను. కంచె స్తంభం మీద టోపీలా మంచు. పోస్ట్ డబ్బా మీద మంచు. ఎవరో మర్చిపోయిన బట్టల తాడు మీద సన్నటి గీతలాగా మంచు. ఒక్కోదానికి ఒక్కో "అబ్బా!" అంటూ రెండు ఫిల్మ్ రోల్స్ ముప్పావుగంటలో ఊదేశాను. ఆ సాయంత్రం ప్రింట్లు మిషన్ లోంచి బయటికొచ్చాయి. డెబ్బై రెండు ఫోటోల్లోనూ మంచు బూడిద రంగులో ఉంది. ఎవరో ఊరంతా పొయ్యిలో బూడిద ఎత్తిపోసినట్టుంది.

కొత్తగా వచ్చేవాళ్లు ఇది వినండి. కెమెరా లోపలి మీటర్‌కి లోకమంతా ఒకే మధ్యరకం రంగు. తెల్లటిది ఎదురైతే "ఇంత వెలుగెందుకు" అనుకుని తగ్గించేస్తుంది. మీటర్ చెప్పినదానికంటే మనమే ఒకటిన్నర, రెండు మెట్లు వెలుగు ఎక్కువివ్వాలి. ఇది నాకు తెలియక కాదు, అదే నా మంట! మా నాన్న స్టూడియోకి ఎన్నికల ముందు నాయకులు ఖద్దరు చొక్కాల్లో వచ్చేవారు. "ఖద్దరు చూసి మోసపోవద్దమ్మా, రెండు మెట్లు ఎక్కువియ్యి, లేకుంటే మాసిన బట్టలేసుకున్నట్టు పడతాడు," అని నాకు పదమూడేళ్లప్పుడే చెప్పాడు. ఆ ముక్క సంతోషంలో కొట్టుకుపోయింది. ఎంత ఒళ్లు మరిచినా వేళ్లు మాత్రం ఒళ్లు మరవకూడదు. ఈ వృత్తిలో సగం పని అదే.

ఆ ఏడు జూలై పేజీలో పర్వతమే వచ్చింది.

మర్యాద చేసిన మోసం

రెండో చలికాలం నేను ముందే చోటు చూసి పెట్టుకున్నాను. మా ఇంటికి ఐదు నిమిషాల దూరంలో డెస్ అనే పెద్దాయనది గొర్రెల ఫారం. ఎర్ర రేకుల కప్పు ఇల్లు, దాని ముందు పల్లంగా జారుతూ పోయే పాడక్. పాడక్ అంటే కంచె వేసిన పచ్చిక పొలం. వెనక వరసగా పాప్లర్ చెట్లు, ఆ వెనక దూరంగా నీలం కొండలు. దేవుడు ఫ్రేము కట్టి పెట్టినట్టుండేది.

మంచు పడింది. నేను వెళ్లేసరికి పాడక్ మీద ఒక్క గీత లేదు. ఎండ ఇంకా రాలేదు. గేటు దగ్గర నిలబడి కెమెరా ఎత్తాను, దించాను. మనసొప్పలేదు. ఇంటివాళ్లతో ఒక్క మాట చెప్పకుండా వాళ్లిల్లు ఫోటో తీసుకుని పోవడమేమిటి, దొంగతనంలాగా? మా ఊళ్లో అయితే ఇంటాయన కనబడి, "ఏమ్మా, గడప తొక్కకుండానే పోతాండావే" అంటే తల ఎక్కడ పెట్టుకోవాలి? గేటు తీశాను. నేరుగా ఆ తెల్లటి పాడక్ మధ్యలోంచి మోకాళ్ల దాకా ఉండే రబ్బరు గమ్ బూట్లతో కసకసా నడుచుకుంటూ వెళ్లి తలుపు కొట్టాను.

అక్కడితో అయిపోయినా బాగుండు. డెస్ భార్య మార్గరెట్ తలుపు తీసి, "అయ్యో, నీలుక్కుపోయావు, లోపలికి రా," అంది. టీ పోసింది. కేకు కోసింది. టీ సగంలో ఉండగా ఇంటి రేకుల మీద నుంచి టప్... టప్... అని చినుకుల చప్పుడు మొదలైంది. ఎండ వచ్చింది, మంచు కరుగుతోంది! కుర్చీలో నాకు ముళ్ల మీద కూర్చున్నట్టుంది. కానీ పెద్దావిడ రెండో కప్పు పోస్తుంటే వద్దని లేచి ఎలా పోతాం? నవ్వుతూ తాగాను. మూడో ముక్క కేకు కూడా తిన్నాను. బయటికి వచ్చేసరికి పాడక్ అక్కడక్కడా పచ్చగా తేలింది. తెల్లగా మిగిలిన చోటల్లా నా అడుగులే, అవీ తలుపు దాకా.

డెస్ గుమ్మంలో నిలబడి నా అడుగుల వైపు చూసి, నా మొహం చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏం కాదులే లవ్, మళ్లీ ఏడు పడుతుంది," అన్నాడు. అక్కడి పెద్దవాళ్లు ఆడవాళ్లని అలాగే పిలుస్తారు. ఈ మాట ఇంటికొచ్చి మా ఆయనతో చెప్తే ఆయన ఫోటో సంగతి వదిలేశాడు. "ముసిలోడు ఏమన్నాడూ?" అని మూడుసార్లు అడిగాడు.

బ్రూస్‌కి జరిగింది జరిగినట్టు చెప్పాను. పని చేసే చోట అబద్ధం చెప్పకండి, నిజం చెప్పి తిట్లు తినడం తేలిక. ఆయన కౌంటర్ మీది కవర్లు సర్దుతూనే విన్నాడు. చివరికి, "ముందురోజు ఫోన్ చేసి ఉండొచ్చు కదా," అన్నాడు. అంత చిన్న ఆలోచన నాకెందుకు రాలేదో నేటికీ తెలియదు.

మూడో చలికాలం

మూడో ఏడు బ్రూస్ మాట కచ్చితంగా చెప్పేశాడు. "ఈ వారాంతానికి పేజీలు ప్రెస్‌కి వెళ్లాలి. పర్వతం ఫోటో ఒకటి తెప్పించి పెట్టాను. నువ్వు తెస్తే నీది, లేకపోతే అది. ఈసారి కూడా కాకపోతే లీలా, ఇక బయట ఫోటోల మాట మరిచిపో. కౌంటర్ చూసుకో."

కౌంటర్ అంటే చిన్నతనమని కాదు. కానీ రోజంతా "గడ్డం కొంచెం పైకి, నవ్వకండి" అని చెప్పే పని అది. నాకేమో అందరినీ నవ్వించాలని ఉంటుంది. పైగా ఆ పర్వతం మీద నాకు కసి. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, పేజీ పోతున్నందుకు కాదు, మళ్లీ ఆ పర్వతమే నవ్వుతుందని నా ఏడుపు. వారమంతా ఆకాశం నీలంగా మెరిసిపోయింది. అందరూ "ఎంత బాగుందో" అంటుంటే కొట్టాలనిపించింది.

శుక్రవారం తెల్లారేసరికి పడింది. చూపుడు వేలు పొడుగున పడింది!

డెస్‌కి ముందే ఫోన్ చేసి పెట్టాను, తలుపు కొట్టనని, టీ తాగనని. మా ఆయన ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, ఆలస్యంగా వస్తానని చెప్పి కారు తీశాడు. గంటకి ఇరవై కిలోమీటర్ల వేగంతో, స్టీరింగ్‌ని కౌగిలించుకుని, నోట్లో ఆంజనేయ దండకంతో నడిపాడు. "కొంచెం బిరీన పోనియ్యి సామీ" అంటే, "నువ్వు పైకి పోతావా, ఫారమ్‌కి పోతావా?" అన్నాడు.

పాడక్ చూశాక నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక్క గీత లేదు. తెలుపు అంటే అది. గేటు బయట స్టాండు పాతి కెమెరా బిగించాను. ఒక్కటే కొరత, సూర్యుడు మబ్బు వెనక ఉన్నాడు. వెలుగు పక్క నుంచి పడితే గానీ మంచు ఎత్తుపల్లాలు తెలియవు, లేకపోతే తెల్లకాగితానికి ఫోటో తీసినట్టే. ఇంకో పది నిమిషాలు, మహా అయితే పావుగంట. కాచుకున్నాను.

అప్పుడు షెడ్డు పక్క నుంచి ట్రాక్టర్ వచ్చింది. వెనక ట్రెయిలర్ నిండా ఎండుగడ్డి మోపులు. డెస్ నన్ను చూసి ఇంజన్ ఆపేశాడు. చెయ్యి ఊపి, "కానియ్యి లవ్! మేం ఆగుతాం!" అని అరిచాడు.

మేం అంటే ఎవరో అప్పుడు చూశాను. పాడక్ చివర పాప్లర్ల కింద గొర్రెల మంద. అన్నీ చూలు గొర్రెలు. రాత్రంతా మంచులో నిలబడ్డాయి. ట్రాక్టర్ చప్పుడు విని అరవడం మొదలుపెట్టాయి, అది ఆగేసరికి ఇంకా గట్టిగా అరిచాయి. గడ్డి వాటికి చేరాలంటే ట్రాక్టర్ నా తెల్లటి పాడక్ మధ్యలోంచే పోవాలి.

ఒక్క నిమిషం నేను మబ్బు వైపే చూశాను. ఒప్పుకుంటున్నాను. రెండో నిమిషం కూడా చూశాను. గొర్రెలు అరుస్తున్నాయి. మాది కరువు సీమ. గడ్డి బండి కోసం దొడ్లో ఎద్దులు మెడలు చాచి చూసే చూపు చూస్తూ పెరిగినదాన్ని. ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టు వీటిని ఆకలితో నిలబెట్టి నేను క్యాలెండర్ అందంగా చేసుకోవాలా? నామీద నాకే రోత పుట్టింది.

"పోనియ్యండి డెస్! పోనియ్యండి!" అని రెండు చేతులూ ఊపాను.

"ఫోటో?"

"అవి తినాలి ముందు!"

ఇంజన్ మోగింది. గేటు తీశాను. డెస్ పక్కకి రాగానే, "మార్గరెట్‌కి జలుబు. గడ్డి వేసేవాళ్లు లేరు. ఒక చెయ్యి వేస్తావా?" అన్నాడు. నేను కెమెరా స్టాండు మీద నుంచి ఊడదీసి మెడలో వేసుకుని ట్రెయిలర్ ఎక్కేశాను. కారులో హీటర్ పెట్టుకుని కూర్చున్న మా ఆయన, ఈ "లవ్" పెద్దాయన తన పెళ్లాన్ని ట్రాక్టర్ మీద తీసుకుపోతుంటే చూస్తూ ఊరుకుంటాడా? ఆఫీసు బూట్లతోనే పరుగెత్తుకొచ్చి ఎక్కాడు.

ఆ తర్వాతి పది నిమిషాల్లాంటివి నా ఉద్యోగంలో మళ్లీ రాలేదు. ట్రాక్టర్ మెల్లగా పోతోంది. మేమిద్దరం మోపుల తాళ్లు కోసి గడ్డి విసురుతున్నాం. వెనక గొర్రెలు మంచు ఎగజిమ్ముకుంటూ పరుగు! మంచు పడ్డ రోజే తెలుస్తుంది, గొర్రెలు తెల్లగా ఉండవని, పాత గోనెసంచి రంగులో ఉంటాయని. తెల్లటి నేల మీద మేం వదిలిన లేతపసుపు గడ్డి గీత, దాని వెంట వంకర్లు తిరుగుతూ గొర్రెల వరస. మా ఆయన "దా! దా! తినండి!" అని తెలుగులో పిలుస్తూ ఒక మోపుతో సహా వెనక్కి పడిపోయాడు. లేచి, టై మీద మంచుతో, ట్రాక్టర్ వెంట పరుగెత్తాడు. నాకు నవ్వుతో కళ్లు కనబడలేదు. సరిగ్గా అప్పుడు మబ్బు తొలగి ఎండ పక్క నుంచి పడింది. ప్రతి గొర్రెకీ పొడుగాటి నీలి నీడ!

వేళ్లు ఒళ్లు మరవలేదు. రెండు మెట్లు ఎక్కువిచ్చి, ట్రెయిలర్ మీద మోకాళ్లు ఆనించి, ఉన్న ఫిల్మ్ అంతా తీసేశాను.

కౌంటర్ మీద రెండు ఫోటోలు

మధ్యాహ్నానికి ఫిల్మ్ కడిగి పెద్ద ప్రింటు ఒకటి చేసి బ్రూస్ ముందు పెట్టాను. జుట్టులో ఇంకా గడ్డి ఉంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు. కవరులోంచి పర్వతం ఫోటో తీసి పక్కన పెట్టాడు.

"నేనడిగింది ముట్టుకోని మంచు. ఇందులో చక్రాల గుర్తులు, గడ్డి, గోల. ఇదిగో, మూలన ఈ గొర్రె చూడు. అన్నీ ఇటు పరుగెత్తుతుంటే ఇదొక్కటే కంచె దగ్గర అటు తిరిగి నిలబడింది. కూర్పు చెడగొట్టింది."

అప్పటిదాకా నేను ఆ గొర్రెని చూడనే లేదు. కోపం మాత్రం నషాళానికి ఎక్కింది. "మన ఊరి మంచు ఇట్లాగే ఉంటుంది బ్రూస్. పది నిమిషాలు కూడా ఎవరూ ముట్టుకోకుండా ఉండదు. ముట్టుకోకపోతే ఇక్కడ బతకలేరు," అన్నాను.  ఆయన పర్వతం ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. నాకు అర్థమైంది. ఇక కౌంటరే.

అప్పుడే షాపు తలుపు గంట మోగించుకుంటూ కొలిన్ వచ్చాడు. డెస్ ఫారానికి రెండు మైళ్ల అవతల ఆయనకీ గొర్రెలున్నాయి. కడగడానికిచ్చిన తన ఫోటోల కోసం వచ్చాడు. బ్రూస్ రెండు ఫోటోలూ ఆయన వైపు తిప్పి, "క్యాలెండర్‌కి ఏది వేయమంటావు?" అని అడిగాడు.

కొలిన్ పర్వతాన్ని చూశాడు. "బాగుంది," అన్నాడు. నా ఫోటో మీదికి వంగాడు. వంగినవాడు లేవలేదు. జేబులోంచి కళ్లజోడు తీశాడు.

"ఇది డెస్ మంద కదా. ఎప్పుడు తీశారు?"

"పొద్దున," అన్నాను.

"ఇవాళ పొద్దునా?" మూలన ఉన్న గొర్రె మీద ఆయన వేలు ఆగింది. "దీనికి బాగాలేదు. మంచు రోజు గడ్డికి రాని చూలు గొర్రె ఉండదు. కడుపులో కవలలు ఉండుంటాయి, ఒంట్లో సత్తువ అయిపోయి తూగుతోంది. రేపటికి పడిపోతుంది. బ్రూస్, ఫోన్ ఇలా ఇవ్వు."

బ్రూస్ ఇచ్చేలోపే కౌంటర్ మీది ఫోన్ లాక్కుని డెస్‌కి చేశాడు. "పాప్లర్ల పక్క కంచె దగ్గర చూడు, వెంటనే," అని చెప్పి పెట్టేశాడు. తర్వాత ముగ్గురం డెస్ ఫోన్ కోసం కాచుకున్నాం. బ్రూస్ నా ఫోటో మళ్లీ దగ్గరికి తీసుకుని చూస్తున్నాడు. నాకు సిగ్గుతో తల పైకి లేవలేదు. పొద్దున ఆ మందలోనే ఉన్నాను. వరస చూశాను, వంపు చూశాను, నీడ చూశాను. గొర్రెని చూడలేదు.

అరగంటకి ఫోన్ మోగింది. బ్రూస్ విని, "నీకే," అని నా చేతికిచ్చాడు.

"దొరికింది లవ్," అన్నాడు డెస్, ఆయాసపడుతూ. "కొలిన్ చెప్పిన చోటే. తియ్యటి మందు పట్టాను, షెడ్డులోకి తెచ్చాను. మింగుతోంది. నిలబడుతుంది."

"నేను దాన్ని చూడలేదు డెస్," అన్నాను. ఆ మాట చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు. "ఫోటో తీశాను గానీ చూడలేదు."

"రోజూ చూసేవాణ్ని, నేనూ చూడలేదమ్మా," అన్నాడు.

ఫోన్ పెట్టాను. బ్రూస్ పర్వతాన్ని కవరులో పెట్టి, నాలుకతో తడిచేసి, అంటించేశాడు. నా ప్రింటు వెనక పెన్సిల్‌తో ఒక్క మాట రాశాడు: జూలై.

"మూలన కత్తిరించనా?" అని అడిగాను.

"గొర్రె జోలికి పోయావంటే చూడు," అన్నాడు.

నేను కౌంటర్ దాటి బయటికొచ్చి కొలిన్ రెండు చేతులూ పట్టుకుని గంతులేశాను, జుట్టులో గడ్డి రాలేలా. పాపం ఆ పెద్దమనిషి ఊగుతూనే, తన ఫోటోల కవరు ఇప్పిస్తే ఇంటికి వెళ్తానని, తనకీ ఇంకా మేపు వేయాల్సిన గొర్రెలున్నాయని చెప్తున్నాడు.